స్క్రీన్ మీద ఉన్న మందు అల్మారాలో లేకపోతే ముందు ఎక్కడ చూడాలి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. ఒడిశాలో గుణుపూర్ వైపు పీహెచ్‌సీల్లో, సబ్‌సెంటర్లలో మందుల స్టాకు సాఫ్ట్‌వేర్ అమలు చేసే బాధ్యత మీకు అప్పగించారు. ట్రైనింగులు అయ్యాయి, లాగిన్లు ఇచ్చారు, కంప్యూటర్లు వచ్చాయి. అయినా స్క్రీన్ మీద కనిపించే మందు అల్మారాలో ఉండటం లేదు, అల్మారాలో ఉన్నది స్క్రీన్ మీద కనిపించడం లేదు. ఎంట్రీలన్నీ నెలాఖరు రెండు మూడు రోజుల్లో పడుతున్నాయి. మళ్ళీ ట్రైనింగ్ పెట్టాలా, ట్యాబ్‌లు కొనిపించాలా, బార్‌కోడ్ తెప్పించాలా అని అడిగారు.

ఈ మూడూ ఇప్పుడే వద్దు. మీ పీహెచ్‌సీల్లో ఒకదాన్ని తీసుకుని గడిచిన మూడు ఇండెంట్లు, అంటే మందులు కావాలని జిల్లాకి పంపిన పత్రాలు, బయటికి తీయండి. ఏం అడిగారు, అందులో ఎంత వచ్చింది, ఎన్నాళ్ళకి వచ్చింది, ఇవి పక్కపక్కన రాయండి. మీరు వెతుకుతున్న జవాబు చాలావరకు ఆ కాగితం మీదే ఉంటుంది.

రాయగడ, గజపతి జిల్లాల్లో ఫార్మసిస్టుగా చేరి, తర్వాత మందుల గోదాము బాధ్యత కూడా చూశాను. ఎంట్రీ చెయ్యడం రాక తప్పు లెక్క పెట్టినవాళ్ళని నేను చూసింది తక్కువ. నిజం లెక్క పెడితే తనకే ఇబ్బంది అని తెలిసి తప్పు లెక్క పెట్టినవాళ్ళే ఎక్కువ. వాళ్ళని నేను తప్పుపట్టను. వెయ్యి పారాసెటమాల్ అడిగితే నాలుగు వందలు వచ్చే చోట, వచ్చే నెల రెండు వేలు అడుగుతారు. సరఫరా ఎప్పుడు ఆగిపోతుందో తెలియని చోట, వచ్చిన దాంట్లో కొంత ఖర్చయినట్టు రాసి లోపల దాచుకుంటారు. స్టాకు సున్నా అని చూపిస్తే జిల్లా నుంచి మందు బదులు 'సకాలంలో ఎందుకు అడగలేదు' అని ఫోన్ వచ్చే చోట, సున్నా ఎప్పటికీ చూపించరు. పది మాత్రలు మిగిలినట్టు ఉంచుతారు. ఇవన్నీ రోగిని ఖాళీ చేతులతో పంపకూడదని, తన ఉద్యోగం పోకూడదని ఆలోచించే మనిషి చేసే పనులు. సాఫ్ట్‌వేర్ వచ్చిందని ఆ భయాలు పోవు. రిజిస్టరులో ఉన్న తప్పు లెక్కే కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. నిజం లెక్క పెట్టిన మనిషికి ఆ లెక్క వల్ల మందు రావాలి. అలా రెండు మూడు సార్లు జరిగితే ఎంట్రీలు వాటంతట అవే సర్దుకుంటాయి. జరగకపోతే ఎన్ని ట్రైనింగులు పెట్టినా టీ ఖర్చు తప్ప మరేం మిగలదు.

ఇక అసలు పనికి వస్తాను. మొదటి నెల అంతా లెక్కింపుకే ఇవ్వండి. ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పుగా ఉంటే ఆ తర్వాత ఎంత శ్రద్ధగా చేసినా లెక్క కుదరదు. లెక్కింపుకి ముందు మీ సీడీఎంఓ (జిల్లా ముఖ్య వైద్యాధికారి) గారి సంతకంతో ఒక కాగితం పంపించండి. ఈ లెక్కలో ఎక్కువ తక్కువలు బయటపడితే ఎవరి మీదా చర్య ఉండదు, ఆ రోజు అల్మారాలో ఉన్నదే కొత్త ప్రారంభ నిల్వ అని అందులో స్పష్టంగా ఉండాలి. ఆ కాగితం లేకుండా వెళితే మీకు కనిపించేది అల్మారా ముందు వరస మాత్రమే.

లెక్కింపుకి మీరే స్వయంగా ఒక పీహెచ్‌సీకి వెళ్ళండి. ఏం కనిపిస్తుందో చెబుతాను. పారాసెటమాల్ డబ్బా మీద 10×10 అని ఉంటుంది. అంటే పది స్ట్రిప్పులు, వంద మాత్రలు. ఒకరు దాన్ని ఒకటి అని ఎంట్రీ చేస్తారు, ఇంకొకరు పది అని, మరొకరు వంద అని. ముగ్గురూ వాళ్ళ లెక్కలో కరెక్టే. జిల్లాలో కూర్చుని చూసేవాళ్ళకి మాత్రం ఒక పీహెచ్‌సీలో మందు అయిపోయినట్టు, పక్క పీహెచ్‌సీలో గుట్టలు పడి ఉన్నట్టు కనిపిస్తుంది. స్క్రీన్‌కీ అల్మారాకీ ఉన్న తేడాలో పెద్ద భాగం ఇలాంటి యూనిట్ తేడాలే. మాత్రలైతే మాత్రల్లో, సిరప్ అయితే సీసాల్లో, ఓఆర్‌ఎస్ అయితే ప్యాకెట్లలో అని ఒక్క పేజీ రాసి ప్రతి అల్మారా తలుపు లోపల అంటించండి. ఆ పేజీ ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు స్టోర్ రూమ్‌లో డబ్బాలు మోసే మనిషి, చాలా చోట్ల ఫార్మసిస్టు కూడా, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. భువనేశ్వర్ నుంచి వచ్చిన మాన్యువల్ వాళ్ళు చదవగలరు. కానీ సందేహం వస్తే అడిగేది తెలుగులోనే. ఆ సందేహానికి తెలుగులో జవాబు చెప్పే మనిషి బ్లాక్‌కి ఒకరైనా ఉన్నారో లేదో చూసుకోండి.

రెండో సంగతి, ఒకే పేరు కింద దాక్కున్న వేర్వేరు మందులు. మన వైపు దీనికి మలేరియా మందు కంటే మంచి ఉదాహరణ లేదు. ఫాల్సిపరం మలేరియాకి ఇచ్చే ఏసీటీ బ్లిస్టర్ ప్యాకులు వయసును బట్టి రంగుల్లో వస్తాయి. ఏడాది లోపు పిల్లలకి గులాబీ, 1 నుంచి 4 ఏళ్ళకి పసుపు, 5 నుంచి 8కి ఆకుపచ్చ, 9 నుంచి 14కి ఎరుపు, 15 దాటినవాళ్ళకి తెలుపు. లెక్క మొత్తంగా పెడితే 'ఏసీటీ 120 ప్యాకులు ఉన్నాయి' అని వస్తుంది. తలుపు తీసి చూస్తే అన్నీ తెల్లవే. పసుపు ప్యాక్ ఒక్కటీ ఉండదు. మూడేళ్ళ పాప జ్వరంతో వచ్చిన రోజు ఆ 120 లెక్క ఎందుకూ పనికిరాదు. 2017లో ఒడిశాలో మలేరియా నిర్మూలనకి దమన్ కార్యక్రమం మొదలయ్యాక కొండ గ్రామాల్లో పరీక్షలు, చికిత్స ఆశాల చేతికి బాగా చేరాయి. అంటే ఆ పసుపు ప్యాక్ ఉండాల్సింది ఆశా సంచిలో, జిల్లా గోదాములో కాదు. అందుకే ఐటమ్ మాస్టర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లోని మందుల జాబితాలో, రంగు రంగుకీ విడిగా కోడ్ ఉందో లేదో మొట్టమొదట చూడండి. ఐరన్ మాత్రలకీ ఇదే వర్తిస్తుంది. గర్భిణులకిచ్చే ఎర్రవి, కౌమార వయసు పిల్లలకిచ్చే నీలంవి, చిన్న పిల్లలకిచ్చే గులాబీవి కలిపి ఒకే లెక్కలో వేస్తే ఆ లెక్క ఎవరికీ అక్కరకు రాదు.

మూడోది, సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే సగటు వాడకం. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను. చాలామంది అధికారులు ఈ అంకెని గుడ్డిగా నమ్ముతారు, నష్టం అక్కడే మొదలవుతుంది. ఒక పీహెచ్‌సీలో ఒక నెల 600 ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఖర్చయ్యాయి అనుకోండి. సిస్టమ్ నెల వాడకం 600 అంటుంది. కానీ ఆ నెల 20వ తేదీకే ప్యాకెట్లు అయిపోయి, చివరి పది రోజులు వచ్చినవాళ్ళందరూ ఊరికే వెళ్ళిపోయారు. 20 రోజుల్లో 600 అంటే నెలకి 900. సిస్టమ్‌కి ఆ పది రోజులు 'అవసరం లేని రోజులు'గా కనిపిస్తాయి. వచ్చే నెల 600 పంపుతారు, అవి మళ్ళీ ముందే అయిపోతాయి. పంపింది ఇంకాస్త తగ్గితే 'వాడకం' కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. మందు లేకపోవడం వల్లే మందు అక్కర్లేదని తేలుతుంది. నెట్‌వర్క్ లేని, రోడ్డు సరిగా లేని సెంటర్లే ఈ ఉచ్చులో ముందు పడతాయి. కాబట్టి ప్రతి ముఖ్యమైన మందుకీ నెలలో ఎన్ని రోజులు స్టాకు సున్నాగా ఉందో తప్పకుండా రాయించండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేకపోతే కాగితం మీద రాయించి, ఇండెంట్ వేసేటప్పుడు వాడకాన్ని సరిదిద్దండి.

ఎప్పుడు ఇండెంట్ వేయాలన్న గీత కూడా అందరికీ ఒకటే పెట్టకండి. ఇండెంట్ వేశాక మందు చేతికి రావడానికి 45 రోజులు పడితే, నెలకి 900 ఖర్చయ్యే ఓఆర్‌ఎస్‌కి ఆ 45 రోజులకే 1350 కావాలి. పైన కనీసం పదిహేను రోజుల అదనపు నిల్వ 450 కలిపితే 1800 దగ్గర ఇండెంట్ వేయాలి. పట్నం పక్కన వారంలో సరుకు అందే సెంటర్‌కి అంత అక్కర్లేదు. రాష్ట్రమంతటికీ ఒకే గీత పెట్టిన చోట చంద్రపూర్, కాశీపూర్ లాంటి దూరపు బ్లాకులు ఎప్పుడూ వెనకబడతాయి.

కొన్ని మందులకి సగటు లెక్క పనికేరాదు. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ తీసుకోండి. విషం ఎక్కిన మనిషికి మొదటి డోసుకే దాదాపు 10 వైల్స్ (మందు సీసాలు) కావాలి. నాలుగు వైల్స్ ఉన్న పీహెచ్‌సీ స్క్రీన్ మీద 'స్టాకు ఉంది' అనే చూపిస్తుంది, కానీ ఆ సెంటర్ ఒక్క ప్రాణాన్నీ పూర్తిగా కాపాడలేదు. ఇలాంటి వాటికి ఎన్ని వైల్స్ అని కాకుండా ఎంతమందికి సరిపోతాయి అని చూడండి. కనీసం ఇద్దరికి సరిపోయే నిల్వ కంటే తగ్గితే ఎరుపు రంగు రావాలి, ఏడాదిగా ఒక్కటీ వాడకపోయినా సరే. వాడని చోట ఎక్స్‌పైర్ అవుతాయి కదా అని మీ పై అధికారి అడుగుతారు. ఎక్స్‌పైరీకి నాలుగైదు నెలల ముందే కేసులు ఎక్కువ వచ్చే ఆసుపత్రికి మార్చి, అక్కడి నుంచి కొత్త బ్యాచ్ తెచ్చుకునే ఏర్పాటు చేస్తామని చెప్పండి. సాఫ్ట్‌వేర్ నిజంగా మెరుగ్గా చేసే పని ఇదే. ఏ బ్యాచ్ ఎక్కడ ఉందో, దాని గడువు ఎప్పటికి తీరుతుందో చెప్పడంలో రిజిస్టరు దానికి సాటిరాదు.

కంప్యూటర్ లేకుండా కూడా మంచి సరఫరా నడిచిందని గుర్తుంచుకోండి. తమిళనాడులో 1994లో మందుల కార్పొరేషన్ పెట్టినప్పుడు ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చారు. నీకు ఇంత విలువ మందులు వస్తాయి, ఇంత తీసుకున్నావు, ఇంత మిగిలింది అని అందులో ఉండేది. తన వాటా తనకి ఉంటుందన్న నమ్మకం ఉన్నప్పుడు ఎక్కువ అడిగి దాచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. మన దగ్గర 2013లో రాష్ట్ర మెడికల్ కార్పొరేషన్ వచ్చింది, 2015లో నిరామయ పేరుతో ఉచిత మందుల పథకం మొదలైంది, ఈ-నిరామయ సాఫ్ట్‌వేర్ ఆ పథకం కోసమే. పథకం ఇచ్చిన హామీని నిలబెట్టడానికే సాఫ్ట్‌వేర్. మీ మీటింగుల్లో దీన్ని పదే పదే చెప్పండి. లేకపోతే ఎంట్రీ శాతమే లక్ష్యమైపోతుంది.

టీకాల వైపు ఈవిన్ (టీకాల స్టాకు చూసే సాఫ్ట్‌వేర్) బాగా నడిచింది కదా, మందుల వైపు ఎందుకు నడవదు అని చాలామంది అడుగుతారు. ఈవిన్ 2015లో మొదలైంది, మొదటి విడత 12 రాష్ట్రాల్లో ఒడిశా కూడా ఉంది. దాని విజయం యాప్ వల్ల మాత్రమే అనుకోకండి. టీకాల రకాలు తక్కువ, పది పన్నెండుకి అటూ ఇటూ. మందుల జాబితా వందల్లో ఉంటుంది. టీకాల ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత +2 నుంచి +8 డిగ్రీలు దాటితే సిమ్ ఉన్న లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) తనంతట తానే చెబుతుంది, మనిషి రాయాల్సిన పని లేదు. అన్నిటికంటే ముఖ్యం, సెంటర్లకి వెళ్ళి రిజిస్టరు పక్కన కూర్చుని తేడాలు సరిచేయడమే పనిగా జిల్లాకి ఒక మేనేజర్‌ని పెట్టారు. మీరు ఏదైనా అడగదలుచుకుంటే ట్యాబ్‌ల బదులు అలాంటి మనిషిని, ఆయన తిరగడానికి బండి ఖర్చుని అడగండి.

సబ్‌సెంటర్ల దగ్గర నా సలహా కొంచెం వేరు. సిగ్నల్ లేని చోట ఏఎన్ఎం చేత ఫోన్‌లో రోజువారీ ఎంట్రీ చేయించకండి. ఆమె పగలంతా ఊళ్ళు తిరిగి, రాత్రి సిగ్నల్ దొరికే గట్టు మీదకి ఎక్కి అంకెలు కొడుతుంది. ఆ అంకెల్లో సగం గుర్తు మీద వేసినవే. సబ్‌సెంటర్‌కి ఒక్క పేజీ కార్డు చాలు. ముఖ్యమైన ఇరవై మందులు, వచ్చింది, ఇచ్చింది, మిగిలింది. నెల మీటింగుకి వచ్చినప్పుడు ఆ కార్డు చూసి పీహెచ్‌సీలో ఫార్మసిస్టు ఎంట్రీ చేసి, తక్కువ ఉన్నవి ఆ రోజే సంచిలో పెట్టి పంపాలి. ఆమె తెచ్చిన కార్డుకి అక్కడికక్కడే మందు దొరికితే వచ్చే నెల కార్డు ఇంకా శ్రద్ధగా వస్తుంది. ఇది నేను కళ్ళారా చూశాను. అదే మీటింగులో కార్డు తీసుకుని ఖాళీ సంచితో పంపిన చోట్ల, రెండో నెలకే అందరి కార్డులూ ఒకేలా రావడమూ చూశాను.

రిజిస్టర్ల సంగతి. కొత్త స్క్రీన్ ఒకటి పెట్టినప్పుడు పాత రిజిస్టరు ఒకటి తీసేయాలి. పాతవన్నీ ఉంచి పైన పోర్టల్ పెడితే ఒకే పారాసెటమాల్‌ని నాలుగు చోట్ల రాయాలి, నాలుగూ వేర్వేరుగా ఉంటాయి. ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు అంటారు. ప్రింటు తీసి సంతకం చేసిన నెలవారీ స్టాకు పత్రం ఆడిట్‌కి చెల్లుతుందని లిఖితపూర్వకంగా జిల్లా నుంచి తెప్పించండి. వరసగా మూడు నెలల లెక్కింపులో స్క్రీన్, అల్మారా కలిసిన సెంటర్‌కే ముందు ఆ సడలింపు ఇవ్వండి. దాని కోసం మిగతావాళ్ళు పోటీపడతారు.

సరిహద్దు జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది, పై ఆఫీసుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన మందుల కేటాయింపు మన జనాభా మీద ఉంటుంది. మన ఓపీ అలా ఉండదు. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి పాతపట్నం వైపు నుంచి జనం వస్తారు. మన వాళ్ళు శ్రీకాకుళం, పార్వతీపురం, విశాఖ వెళతారు. కోరాపుట్ జిల్లాలో పొట్టంగి వైపు, రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కోటియా గ్రామాలు 21 ఉన్నాయి. అలాంటి చోట ఒకే ఇంటికి రెండు రాష్ట్రాల ఆరోగ్య సిబ్బందీ వెళ్ళవచ్చు. జనాభా లెక్కలో ఆ ఇల్లు రెండుసార్లు పడవచ్చు, ఒక్కసారీ పడకపోనూ వచ్చు. అటు ఆంధ్రలో ఈ-ఔషధి అనే మందుల సాఫ్ట్‌వేర్, ఇటు మన సాఫ్ట్‌వేర్. ఒకదానికొకటి కనిపించవు. అవి కలుస్తాయని ఎదురుచూడకండి. మీరు చేయగలిగింది ఒకటుంది. ఓపీ రిజిస్టరులో ఊరి పేరు తప్పకుండా రాయించండి. మూడు నెలల తర్వాత సరిహద్దు అవతలి ఊళ్ళ నుంచి ఎంతమంది వచ్చారో లెక్క తీసి, అదనపు కేటాయింపు అడుగుతూ ఆ పట్టిక జతచేయండి. ఉత్త ఉత్తరం కంటే ఊళ్ళ పేర్లతో ఉన్న పట్టిక బలంగా పనిచేస్తుంది. బయటి రోగికి మందు ఇవ్వొద్దని చెప్పే అధికారి కూడా ఎదురవుతారు. జ్వరంతో వచ్చిన మనిషిని ఆధార్ చూసి తిప్పి పంపే స్టాకు విధానం మాత్రం మనకి వద్దు.

ఇంకో చిన్న విషయం. జిల్లా గోదాములో స్టాకు కనిపిస్తున్నా మాకు ఇవ్వడం లేదని పీహెచ్‌సీల వాళ్ళు కోపంగా ఫోన్ చేస్తారు. కొత్త బ్యాచ్ వచ్చాక ల్యాబ్ నుంచి నాణ్యత రిపోర్టు వచ్చేదాకా దాన్ని విడిగా ఉంచుతారు, ఇవ్వడానికి వీల్లేదు. ఇది వాళ్ళకి తెలియకపోతే గోదాము వాళ్ళు దాస్తున్నారనే అనుకుంటారు. పీహెచ్‌సీ లాగిన్‌లో ఇవ్వదగిన స్టాకు, రిపోర్టు రావాల్సిన స్టాకు విడివిడిగా కనిపించేలా అడగండి.

నెలవారీ రివ్యూ మీటింగులో ఎంట్రీ శాతం పట్టికని ముందుకు తేకండి. ఏ పీహెచ్‌సీ సున్నా చూపించింది, చూపించిన తర్వాత ఎన్ని రోజుల్లో మందు చేరింది, ఈ పట్టికే ముందు తెర మీద వేయండి. అప్పుడు జవాబు చెప్పాల్సింది సున్నా చూపించిన ఫార్మసిస్టు కాదు, జిల్లా గోదాము. మొదట్లో గోదాము వాళ్ళకి ఇది నచ్చదు. గోదాములో కూర్చున్నప్పుడు నాకూ ఆ ఒత్తిడి తెలుసు, అయినా ఇదే సరైన పట్టిక. పక్క పక్క పీహెచ్‌సీల మధ్య మందు మార్చుకునే అధికారం బ్లాక్ స్థాయిలోనే ఇప్పించగలిగితే సగం సున్నాలు రెండు రోజుల్లో పోతాయి. ప్రతి మార్పిడికీ జిల్లా సంతకం కావాలంటే ఎవరూ అడగరు, లోలోపల చేతి బదులు ఇచ్చుకుంటారు, స్క్రీన్ మళ్ళీ తప్పుతుంది.

బార్‌కోడ్ ఏడాది తర్వాత ఆలోచించండి, అదీ జిల్లా గోదాములో మాత్రమే.

ఇప్పుడు తేదీల సంగతి, ఎందుకంటే అసలు పరీక్ష వర్షాకాలంలోనే. కాశీపూర్‌లో 2007లోనూ 2022లోనూ కలరా వచ్చింది వానల్లోనే. మలేరియా పెరిగేదీ అప్పుడే, వంశధార, నాగావళి పొంగి రోడ్లు తెగేదీ అప్పుడే. సిస్టమ్ ఏప్రిల్, మే వాడకం చూసి జూన్‌కి పంపుతుంది. ఎండాకాలం వాడకంతో వానాకాలం గడవదు. కిందటేడు జులై నుంచి సెప్టెంబరు దాకా వాడకం తీసి, సున్నా రోజులు సరిదిద్ది, ఓఆర్‌ఎస్, జింక్, సెలైన్, డాక్సీసైక్లిన్, మలేరియా కిట్లు, అన్ని రంగుల ఏసీటీ, పాము విరుగుడు, వీటికి మూడు నెలల సరుకు మే నెలాఖరుకల్లా దూరపు సెంటర్లకి చేరేలా ఇండెంట్ మార్చిలోనే వేయించండి. సాఫ్ట్‌వేర్ అంత పరిమాణాన్ని ఒప్పుకోకపోతే సీజన్ ఇండెంట్ అని విడిగా అనుమతి తీసుకోవాలి. ఆ ఫైలు కదలడానికి సమయం పడుతుంది కాబట్టి దాన్ని ఫిబ్రవరిలోనే పెట్టండి. లెక్కింపు ముందు ఈ దూరపు సెంటర్లతోనే మొదలుపెడితే ఆ ఇండెంట్‌కి కావాల్సిన అంకెలు మీకు సమయానికి అందుతాయి.